రెండో కుర్చీ కింద బావి

మా వీధిలో సెలూన్ నడిపే ఆయన్ని అందరూ కబుర్ల బాబాయి అంటారు. కుర్చీలో కూర్చున్నవాడి మెడ చుట్టూ గుడ్డ బిగించగానే ఆయన నోరు తెరుచుకుంటుంది. మళ్లీ ఆ గుడ్డ దులిపేదాకా మూతపడదు. ఎవరి పాపకి పళ్లు వస్తున్నాయి, ఎవరి పైకప్పు కారుతోంది, ఎవరి అల్లుడు ఉద్యోగం మారాడు, అన్నీ ఆయన దగ్గర వినాల్సిందే. నోరు ఎటు పరిగెత్తినా కత్తెర మాత్రం దారి తప్పదు. ఆయన చేతిలో చెవి గీరుకుపోయినవాడు మా వీధిలో ఇంతవరకూ లేడు.

ఆ సెలూన్ ఆయన పెట్టింది కాదు, మామగారిది. ఆ పెద్దాయన పనిలో ఎంత నేర్పరో మాటల దగ్గర అంత పిసినారి. "తల ఇటు", "గడ్డం పైకి", "అయింది". ఈ మూడు మాటలతో రోజంతా గడిపేసేవాడట. పెళ్లయిన కొత్తలో అల్లుణ్ణి పక్కన నిలబెట్టుకుని పని నేర్పాడు. మొదటిరోజు పని అయ్యాక లోపలికెళ్లి కూతురితో, "పిల్లాడు మంచివాడేనమ్మా. కాకపోతే నాకు చెవులు నొప్పి పుడుతున్నాయి" అన్నాడట. ఈ సంగతి మాకు చెప్పింది కూడా కబుర్ల బాబాయే, పడీ పడీ నవ్వుతూ.

సెలూన్ పెద్దదేం కాదు. వీధిలోకి తెరుచుకునే పొడుగాటి ఇరుకు గది. ఒక గోడకి అద్దాలు, ఎదురు గోడకి ఆనుకుని బెంచీ. తలుపు దగ్గర ఒక కుర్చీ, లోపలగా ఇంకో కుర్చీ. కింద నల్లరాతి బండలు. వెనక తలుపు తీస్తే వాళ్ల ఇల్లు. ముందు వంటగది, దాని పక్కన ఒక పడకగది, ఆ తర్వాత పెరటి సందులోకి చూసే వసారా. ఆ వసారాలో పిన్ని కుట్టుమిషను పెట్టుకుని నలుగురికీ బట్టలు కుడుతుంది. మామగారు పోయాక అత్తగారు వీళ్లతోనే ఉంటోంది. ఆవిడ కూతురి పక్కన కూర్చుని చొక్కాలకి గుండీలు వేస్తుంటుంది. ఆ వయసులో కూడా సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది, ఎవరైనా సాయం వస్తే కసురుకుంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. అంతకుముందు ఏడాది వాన మొహం చాటేసింది. కుళాయి మొదట రోజు విడిచి రోజు వచ్చేది. తర్వాత వారానికోసారి వచ్చేది. ఆ తర్వాత తిప్పితే "సుయ్"మని గాలి మాత్రం వచ్చేది. ట్యాంకర్ వీధి మొగలో కనిపిస్తే చాలు, అప్పటిదాకా వదినా వదినా అనుకున్నవాళ్లు బిందెలతో ఒకళ్లనొకళ్లు తోసుకునేవాళ్లు. ట్యాంకర్ వెళ్లిపోయాక మళ్లీ వదినా వదినా అనుకునేవాళ్లు, కాకపోతే కాస్త ముభావంగా.

నీళ్లు లేని సెలూన్ ఎలా నడుస్తుంది? కబుర్ల బాబాయి తలుపుకి అట్టముక్క వేలాడదీశాడు. "గడ్డం గీయించుకునేవారు ఎవరి నీళ్లు వారే తెచ్చుకోవలెను." మగవాళ్లందరూ చేతిలో చెంబులతో, గ్లాసులతో సెలూన్‌కి బయల్దేరేవాళ్లు. ఒకాయన సగం గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

"బాబూ, ఈ నీళ్లకి ఒక చెంపే వస్తుంది. కుడిదా, ఎడమదా? నువ్వే తేల్చుకో" అన్నాడు బాబాయి.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం లారీ డ్రైవరు గడ్డానికి వచ్చాడు. మనిషి మా వీధిలోకెల్లా భారీ. తలుపులోంచి రావాలంటే కాస్త పక్కకి తిరగాలి. మొదటి కుర్చీలో వేరే ఆయన ఉండటంతో వెళ్లి రెండో కుర్చీలో కూలబడ్డాడు. బాబాయి ఆయన ముఖానికి నురగ పట్టించి, ఎవరి కథో మొదలుపెట్టి, కత్తి తీసుకోబోతుండగా కింద "టక్"మని చప్పుడైంది. కుర్చీ వెనక్కి వాలింది.

"బాబాయ్, నేను కిందికి పోతున్నట్టున్నా" అన్నాడు లారీ డ్రైవరు చాలా మర్యాదగా.

నిజమే. కుర్చీ కింది బండ ఒకవైపు కుంగింది. బాబాయి, బెంచీ మీదున్న ఇద్దరూ కలిసి ఆయన్ని చేతులు పట్టి లాగారు. ఆయన లేవగానే బండ ఇంకాస్త పక్కకి ఒరిగి, జానెడు సందు తెరుచుకుంది. ఆ సందులోంచి చల్లటి గాలి వచ్చింది. ఎంత చల్లగా అంటే, ఆ ఎండలో అందరూ ముందు భయపడ్డారు, తర్వాత ముఖాలు దగ్గరగా పెట్టారు. తడిమట్టి వాసన. బాబాయి జేబులోంచి దువ్వెన తీసి సందులో వదిలాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత "బుడుంగ్"మంది.

బెంచీ మీదున్నవాళ్లు వంగి సందుకి చెవులు ఆనించారు. ఆ చప్పుడు విని మా వీధివాళ్లకి అప్పటికే చాలా రోజులైంది మరి.

వెనకనుంచి పిన్ని పరిగెత్తుకొచ్చింది. ఆమె వెనక గుండీల డబ్బాతో అత్తగారు నింపాదిగా వచ్చింది. సందులోకి తొంగి చూసి, "బావి. ఇంకేముంటుంది?" అంది.

"బావేమిటి అత్తయ్యా?" అన్నాడు బాబాయి.

"కుళాయిలు వచ్చిన కొత్తలో మీ మామగారు బండలు వేయించి మూసేశారు. రెండో కుర్చీకి చోటు కావాలని."

"మరి ఇన్నేళ్లూ నాకు ఒక్కమాట చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నా నాయనా. నువ్వు సందిస్తేగా!"

లారీ డ్రైవరు నురగతోనే కడుపు పట్టుకుని నవ్వాడు. పిన్ని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయి తల గోక్కున్నాడు.

మధ్యాహ్నానికల్లా సంగతి వీధంతా పాకింది. ప్లంబరు వచ్చి బండలు తీయించాడు. రాతి కట్టుబడి చెక్కుచెదరకుండా ఉంది. పైనుంచి చూస్తే అడుగున చిన్న అద్దంముక్కలా నీళ్లు మెరుస్తున్నాయి. లారీ డ్రైవరు అప్పటికప్పుడే తాడు కట్టుకుని దిగుతానన్నాడు. ప్లంబరు ఒప్పుకోలేదు.

"ఇన్నేళ్లు మూసున్న బావి అన్నా. లోపల గాలి ఎలా ఉందో తెలీదు. ముందు దీపం దించుదాం. అది ఆరిపోకపోతే మనిషి దిగొచ్చు."

లాంతరు దించారు. అందరూ అంచున వంగి చూశారు. దీపం నిలకడగా వెలిగింది. అప్పుడు ప్లంబరు దిగాడు. పైన తాడు పట్టుకోవడానికి లారీ డ్రైవరు సరిగ్గా సరిపోయాడు. తట్టలతో పూడిక పైకి రావడం మొదలైంది. నల్లటి బురద, పగిలిన పింగాణీ, చిలుము పట్టిన కత్తెరలు, ఒంటి బూటు, చివరికి ఒక ఇత్తడి గరిటె.

ఆ గరిటె చూడగానే అత్తగారి ముఖం పాలిపోయింది.

"ఇది మా ఆడపడుచు పట్టుకుపోయిందనుకున్నానే! ఈ గరిటె మీదే కదే నేను దానితో మాటలు మానేసింది!"

"ఇప్పుడేం చేద్దామమ్మా?" అంది పిన్ని నవ్వు ఆపుకుంటూ.

"ఏం చేయడమేమిటి, ఫోన్ కలుపు."

అవతలి ఆవిడ కూడా ముసలిదే. ఇద్దరూ ముందు కాసేపు ఏడ్చారు, తర్వాత కాసేపు పోట్లాడారు, ఆ తర్వాత ఎవరి మోకాళ్లు ఎక్కువ నొప్పో చెప్పుకున్నారు. ఇప్పటికీ రోజూ మాట్లాడుకుంటారు.

బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ మా వీధిలోనే ఉంటుంది. ఆవిడ సీసాలో నీళ్లు పట్టి పరీక్షకి పంపించింది. వాడకానికి భయంలేదని, తాగాలంటే మాత్రం మందు కలిపి, మరగబెట్టుకోవాలని తేలింది. ఆ మాట చాలు, వీధి వీధంతా సెలూన్ ముందు బారు తీరింది.

ఇక్కడొక చిక్కు వచ్చింది. బావి ఉన్నది గది మధ్యలో. బిందెతో వచ్చినవాళ్లు ఆ ఇరుకు గదిలో ఎదురెదురు పడితే ఇద్దరూ తడిసి ముద్దవుతున్నారు. పిన్ని కొంగు దోపి నిలబడి నియమం పెట్టింది. సెలూన్ తలుపులోంచి లోపలికి రావాలి, చేదుకోవాలి, వంటింటి గుండా పెరటి సందులోకి పోవాలి. మనిషికి ఒక బిందె, మళ్లీ కావాలంటే మళ్లీ వరసలో నిలబడాలి. దాంతో వీధిలో ఉన్న ప్రతి మనిషీ రోజూ ఒకసారి పిన్ని వంటింట్లోంచి నడిచివెళ్లేవాడు. ఏం వండుతోందో చూసేవాడు. "పొయ్యి కాస్త తగ్గించమ్మా, అడుగంటుతున్న వాసనొస్తోంది" అని చెప్పి మరీ పోయేవాడు. పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కేది. కానీ రెండోవారంలో జ్వరంతో ఆమె పడుకుంటే, ఆ నడిచివెళ్లేవాళ్లే వంట చేసి పెట్టేసి పోయారు.

బాబాయి సంతోషం చెప్పనలవి కాదు. పొద్దున్నుంచి చీకటిపడేదాకా ఎదురుగా జనం! ఇంతకాలం ఒక్కో తలకి ఒక్కో కథ చెప్పేవాడు, ఇప్పుడు ఒక్క కథకి పాతిక తలలు. మొదలు విన్నవాళ్లు బిందె నింపుకుని వెళ్లిపోయేవాళ్లు, చివర విన్నవాళ్లు మొదలు ఏమిటని అడిగేవాళ్లు. బిందెలతో నిలబడ్డవాళ్లు ఎలాగూ నిలబడ్డాం కదా అని జుట్టు కత్తిరించుకునేవాళ్లు. ఒకటే ఇబ్బంది. తడి కాళ్లకి వెంట్రుకలు అంటుకుని ఇంటింటికీ చేరేవి. మా ఇంట్లో దిండు మీద నెరిసిన వెంట్రుక కనిపిస్తే, అది ఎవరిదై ఉంటుందా అని మేం ఇంటిల్లిపాదీ చర్చించుకున్న రోజులున్నాయి.

సెలూన్‌కి ఎదురుగా బేకరీ ఉంది. బేకరీ ఆయనా, బాబాయీ ఈడువాళ్లు. చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అంటే బావా అనుకుంటారు. బేకరీ పెరట్లో లోతైన బోరు ఉండేది. దాని మీద పెద్ద మోటారు. వీధిలో అందరికీ నీళ్లు తగ్గినా ఆయనకి తగ్గవని పేరు. ఆ బోరు కూడా ఆ వేసవిలో ఒకరోజు దగ్గి, ఇసక కక్కి, ఆగిపోయింది. బేకరీ ఆయన ముఖం వేలాడేసుకుని సెలూన్‌కి వచ్చాడు.

"బావా, పిండి కలపడానికి చుక్క లేదు. నీ బావిలో పైపు వేసుకోనా? ఒక్క పూట."

"ఓస్, అంతేనా? వేసుకో బావా!" అన్నాడు బాబాయి. కాదనడం ఆయన నోటికి రాని ఒకే ఒక్క మాట.

పిన్ని కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి బయటికి వెళ్లింది. అత్తగారు కునుకు తీస్తోంది. వీధికి అడ్డంగా పైపు పరిచారు, మోటారు వేశారు. బేకరీ తొట్లు నిండుతుంటే బేకరీ ఆయన ముఖం కూడా నిండుతూ వచ్చింది. టీ కాయడానికి పట్టేంత సేపు కూడా కాలేదు, మోటారు గొంతు మారింది. పైపులోంచి ఎర్రటి బురద చిమ్మింది. పరిగెత్తుకెళ్లి ఆపేసరికి బావి అడుగున కప్ప మునిగేంత నీళ్లు కూడా లేవు.

సాయంత్రం బారు తీరిన జనం చేద వేసి, లాగి, చూసి, మళ్లీ వేశారు. ఎవరూ తిట్టలేదు. ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని వెనక్కి పోయారు. తిట్టినా బాగుండేదని తర్వాత బాబాయి చాలాసార్లు అన్నాడు.

పిన్ని వచ్చింది. బావిలోకి చూసింది. వీధికి అడ్డంగా ఉన్న పైపు చూసింది. బురద కొట్టుకున్న మొగుడి లుంగీ చూసింది.

"నన్నొక్కమాట అడగాల్సింది మీరు" అంది. అంతే. వెళ్లి మిషను ముందు కూర్చుంది.

ఆ మర్నాడు సెలూన్‌లో మాటల్లేవు. బాబాయి గుడ్డ కట్టాడు, కత్తిరించాడు, గుడ్డ దులిపాడు. కత్తెర చప్పుడు అంత స్పష్టంగా మేమెప్పుడూ వినలేదు. ఒకాయన నుదుటి మీద చెయ్యేసి చూశాడు. ఇంకొకాయన నెమ్మదిగా పిన్ని దగ్గరికెళ్లి, "డాక్టర్ని పిలవమంటావా అమ్మా?" అని అడిగాడు. లారీ డ్రైవరు మాత్రం భరించలేకపోయాడు.

"బాబాయ్, ఏదో ఒకటి చెప్పు. అబద్ధమైనా పర్లేదు. నాకు భయంగా ఉంది" అన్నాడు.

అప్పుడే టీచరమ్మ జుట్టు కత్తిరించమని తన ఇద్దరు పిల్లల్నీ తీసుకొచ్చింది. బావి అడుగున రాత్రంతా ఊరి మోకాలి లోతు నీళ్లు చేరాయి. బాబాయి వాటిని చూపించి, నీరుగారిపోయిన గొంతుతో అడిగాడు.

"టీచరమ్మా, ఇవి ఎక్కణ్ణించి వస్తున్నాయి? నిన్న అన్నీ ఎక్కడికి పోయాయి?"

టీచరమ్మ అద్దం ముందున్న స్పాంజి తీసుకుని తడిపింది. అందులో రెండు వేళ్లు గుచ్చింది.

"ఇది మన వీధి కింది నేల అనుకోండి. ఈ వేలు మీ బావి, ఈ వేలు బేకరీ బోరు. చిల్లులు రెండు, స్పాంజి మాత్రం ఒకటే. బోరు ఇన్నాళ్లూ లోతునుంచి లాగింది, అదీ ఎండింది. నిన్న మోటారు పెట్టి ఒక్కసారిగా పిండేశారు. స్పాంజి మళ్లీ ఊరడానికి టైము పడుతుంది కదా?"

"మరి ఈ స్పాంజిని తడిపేది ఎవరమ్మా?"

"వాన" అంది టీచరమ్మ. కుర్చీ మీదున్న కటింగు గుడ్డ తీసి స్పాంజి మీద కప్పింది. పైనుంచి నాలుగు చుక్కలు పోసింది. అవి గుడ్డ మీదుగా జారి నేలమీద పడ్డాయి. "ఇది మన వీధి సిమెంటు. పడ్డ వాన పడ్డట్టు కాలవలోకి పోతోంది."

బాబాయి నీళ్లు నమిలాడు. "సిమెంటు వేయించమని అందరికంటే ఎక్కువ గొడవ చేసింది నేనేనమ్మా. బురద కాళ్లతో సెలూన్‌లోకి వస్తున్నారని."

"బురద పోయింది కదా, మంచిపనే చేశారు. అక్కడక్కడ నేలకి కాస్త నోరు వదిలుంటే ఇంకా బాగుండేది. ఇప్పుడు వదలొచ్చు."

ఆ మాటతో బాబాయికి ప్రాణం లేచొచ్చింది. తిన్నగా వెనక తలుపు దగ్గరికెళ్లి, "ఏమే, వినపడిందా?" అన్నాడు.

"గోడకి చెవి ఆనించే ఉన్నా" అంది పిన్ని లోపల్నుంచి. అలా రాజీ అయింది.

తర్వాతి తెల్లవారుజామున బారులో బేకరీ ఆయన కనిపించాడు. చేతిలో బిందె, తల దించుకుని, అందరికంటే చివర. ముందున్న ఆడవాళ్లు కొందరు గొణిగారు. పిన్ని గట్టిగానే అంది.

"ఆయన బిందె ఆయనది. అందరితోపాటే ఆయనా. పైపు మాత్రం వద్దు."

ఆ వేసవంతా బేకరీలో రొట్టెలు సగమే తయారయ్యాయి. పొద్దున్నే వచ్చినవాళ్లకి దొరికేవి, ఆలస్యంగా లేచినవాళ్లకి వాసన మాత్రం దక్కేది. బేకరీ ఆయన బారులో నిలబడి నిలబడి బాబాయి కథలన్నీ మొదట్నుంచి చివరిదాకా విన్న ఒకే ఒక్క మనిషయ్యాడు. ఒకరోజు కథ మధ్యలో ఆపి అన్నాడు.

"బావా, మా బేకరీ కప్పు చూశావా? వీధిలో అంత వెడల్పు కప్పు ఇంకెవరికీ లేదు. దానిమీద పడ్డ వానంతా కాలవపాలే. పైపు ఇటు తిప్పితే?"

టీచరమ్మ వచ్చి కొలతలు చూసింది. కప్పు మీది నీళ్లు తిన్నగా బావిలో పోయకూడదంది. బావికి కాస్త ఎడంగా, వీధి పక్కన గొయ్యి తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసక పోయాలి. నీళ్లు మట్టిలోంచి వడకట్టుకుంటూ బావికి రావాలి. అంతా బాగుంది, కానీ వీధి పక్కన సిమెంటు పగలగొట్టాలంటే కౌన్సిలర్ గారి అనుమతి కావాలి.

కౌన్సిలర్ గారు వారానికి రెండుసార్లు గడ్డానికి వస్తాడు. ఆ రోజు బాబాయి ఎప్పటికంటే ఎక్కువ నురగ పట్టించాడు. కుడి చెంప నున్నగా గీశాడు. కత్తి కడిగి పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైంది? రెండోది?" అన్నాడు కౌన్సిలర్ గారు.

"ఏం లేదండీ, మనసులో ఒక ఆలోచన. అది తేలకపోతే చెయ్యి కుదరట్లేదు."

"ఏమిటా ఆలోచన?"

బాబాయి గొయ్యి సంగతి మొదలుపెట్టాడు. స్పాంజితో సహా చెప్పాడు. బెంచీ మీదున్నవాళ్లూ, బిందెలతో నిలబడ్డవాళ్లూ తలలు ఊపారు. కౌన్సిలర్ గారు అద్దంలో తన ముఖం చూసుకున్నాడు. ఒక చెంప పెళ్లికొడుకులా ఉంది, రెండోది ముళ్లకంపలా ఉంది. ఇంకాసేపట్లో ఆయనకి ఎక్కడో సభ ఉంది.

"మంచిపనేనయ్యా. నేనొద్దంటానా? రేపే మొదలుపెట్టండి. ముందు ఇది కానీ!"

గది గదంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. మాట తప్పలేదు కూడా. మర్నాడు సిమెంటు మీద మొదటి దెబ్బ తనే వేసి ఫొటో తీయించుకున్నాడు.

రాళ్లూ కంకరా లారీ డ్రైవరు తెచ్చాడు. ఇసక జల్లించే పని పిల్లలకి ఆటయింది. ఆకులూ చెత్తా గోతిలోకి పోకుండా పైపు మూతికి వలసంచి కావాలంటే, అత్తగారు పాత దోమతెర చింపి రెండు పొరలుగా కుట్టింది, అంచుకి గుండీలు కూడా వేసింది. విప్పి ఉతుక్కోవడానికి వీలుగా ఉంటుందట. ఎవరింటి ముందు వాళ్లు సిమెంటులో బారెడు వెడల్పు తెరిచి మొక్కలు పెట్టుకున్నారు. కొందరు కుండీల్లోంచి గులాబీలు తీసి నేలలో నాటారు.

మొదటి వాన ఒక మధ్యాహ్నం పడింది. అందరం గొడుగులున్నా తెరవకుండా నిలబడ్డాం. మొదటి నీళ్లలో కప్పు మీది దుమ్మంతా ఉంటుందని టీచరమ్మ కాసేపు కాలవలోకే వదలమంది. తర్వాత ప్లంబరు పైపు తిప్పాడు. నీళ్లు గలగలా గోతిలో పడ్డాయి, రాళ్ల మధ్యకి జారాయి, కనిపించకుండా పోయాయి. ఎంత పడినా గొయ్యి తాగేస్తూనే ఉంది. బేకరీ ఆయన చప్పట్లు కొట్టాడు.

బాబాయి మాత్రం లోపలికి పరిగెత్తి తాడు దించి చూశాడు. నీళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. మర్నాడూ అంతే. మూడో వాన తర్వాతా అంతే.

"మన వీధి అడ్రసు మర్చిపోయినట్టున్నాయి టీచరమ్మా" అన్నాడు ముఖం చిన్నబుచ్చుకుని.

"నడిచొస్తున్నాయి బాబాయిగారూ, బండెక్కి రావట్లేదు. కాస్త ఓపిక పట్టండి."

ఓపిక పట్టడం ఆయనకి చేతకాదు. రోజుకి పదిసార్లు తాడు దించేవాడు. గడ్డం గీస్తూ గీస్తూ మధ్యలో వెళ్లి చూసొచ్చేవాడు.

అయితే నీళ్లు వచ్చినట్టు ముందు తెలిసింది ఆయనకి కాదు. వీధి చివర ఒక పాత చేతిపంపు ఉంది. అది పనిచేయడం మానేసి ఎన్నాళ్లయిందో, పక్కింటివాళ్లు దాని పిడికి తాడు కట్టి బట్టలు ఆరేసుకునేవాళ్లు. వానలు సగం గడిచాక ఒకరోజు ఆ ఇంటి ఆవిడ తడిదుప్పటి ఆరేయబోయి పిడి మీద బరువు వేసింది. పంపు గురగురమంది. ఆవిడ ఉలిక్కిపడి వదిలేసింది. మళ్లీ నొక్కింది. తుప్పునీళ్లు కక్కింది. నాలుగుసార్లు నొక్కేసరికి తెల్లటి ధార పడింది. ఆవిడ పెట్టిన కేకకి సెలూన్‌లో సగం గడ్డంతో ఉన్నవాళ్లు కూడా పరిగెత్తారు. బాబాయి కత్తెరతోనే వెళ్లాడు. దోసిలి పట్టి ముఖం కడుక్కున్నాడు. మళ్లీ పట్టి పక్కనున్న పిన్ని ముఖాన చిలకరించాడు. ఇంతమందిలో ఏమిటా వేషాలని ఆమె కసిరింది, కానీ పక్కకి జరగలేదు.

తిరిగొచ్చి తాడు దించితే బావి నడుం లోతు పెరిగి ఉంది. ఎప్పుడు పెరిగిందో! తాడు మరీ మాటిమాటికీ దించడంతో తేడా తెలియలేదేమో అని టీచరమ్మ అంది. ఆ మరుసటి వానాకాలానికి బేకరీ బోరులో కూడా నీళ్లు నిలిచాయి. బేకరీ ఆయన పెద్ద మోటారు అమ్మేసి చిన్నది పెట్టుకున్నాడు. ఇప్పుడు రొట్టెలు మునుపటికంటే మెత్తగా ఉన్నాయని, అది నీళ్ల మహిమేనని ఆయన అంటాడు. చిన్న మోటారు తొట్లు నింపేదాకా ఆగాల్సి రావడంతో పిండి బాగా నానుతోందని పిన్ని అంటుంది.

సెలూన్ ఇప్పుడు ఒంటి కుర్చీ సెలూన్. బావి చుట్టూ నడుమెత్తు గోడ కట్టి, పైన గిలక పెట్టి, ఇనప జల్లెడ మూత వేశారు. వంతు కోసం వచ్చినవాళ్లు ఆ గోడ మీద కూర్చుంటారు, ఎండాకాలం చల్లగా ఉంటుందని బెంచీ వైపు ఎవరూ పోరు. తీసేసిన కుర్చీ వసారాకి చేరింది. అత్తగారు అందులో దర్జాగా వాలి గుండీలు కుడుతుంది. ఒక కుర్చీ పోతే సంపాదన తగ్గలేదా అని ఒకసారి అడిగాను.

"కుర్చీ పోతేనేం? ఇదివరకు నా దగ్గరికి తలలు వచ్చేవి. ఇప్పుడు మనుషులు వస్తున్నారు" అన్నాడు. అని, నా తల వంచి, నా పక్కింటివాళ్ల సంగతి నాకే చెప్పడం మొదలుపెట్టాడు.

ఈ వేసవిలో మళ్లీ కుళాయిలు మొరాయించాయి. మా వీధి పెద్దగా పట్టించుకోలేదు. వెనక వీధివాళ్లు మాత్రం బిందెలతో మా వైపు వచ్చారు. ఆ బారు చూసి మావాళ్లలో కొందరి ముఖాలు మాడాయి. పిన్ని మళ్లీ కొంగు దోపింది.

"పట్టుకోండమ్మా. కానీ మీ వీధిలో కప్పులున్నాయి కదా, వానకి అవేం చేస్తున్నాయి?" అని అడిగింది.

అదే అదనుగా బాబాయి సెలవురోజున ఇనపకడ్డీ భుజాన వేసుకుని వెనక వీధికి బయల్దేరాడు. ఇంటింటికీ వెళ్లడం, నేల తట్టడం, చెవి ఒగ్గడం. పాత ఇళ్లన్నిటి కింద బావులున్నాయని ఆయన గట్టి నమ్మకం. సైకిలు షాపు వెనకగదిలో తడితే డొల్లగా మోగింది. జనం పోగయ్యారు. బండ లేపారు. ప్లంబరు లాంతరు దించాడు. చూస్తే అది బావి కాదు. పూర్వం ఎవరో బొగ్గులు నిలవ చేసుకోవడానికి తవ్వుకున్న గొయ్యి. అడుగున ఇంకా బోలెడు మసి ఉంది. తొంగిచూసిన ప్రతివాడి ముక్కూ నల్లబడింది. సైకిలు షాపాయన తల పట్టుకున్నాడు. బాబాయి ఒక్క క్షణం తెల్లబోయి, మరుక్షణం టీచరమ్మకి కబురు పంపాడు.

ఆవిడ వచ్చి, గొయ్యి చుట్టూ తిరిగి, నేలని పరీక్షగా చూసి, నవ్వింది. మసంతా ఎత్తిపోసి కడిగేస్తే వాన నీళ్లు ఇంకడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదంది. తవ్వే శ్రమ కూడా తప్పిందంది. సైకిలు షాపాయన తల మీది చేతులు కిందికి దిగాయి.

ఇప్పుడు వెనక వీధిలో పని జరుగుతోంది. బస్తాల కొద్దీ మసి పైకి వస్తోంది. కబుర్ల బాబాయి రోజూ మధ్యాహ్నం సెలూన్ మూసి అక్కడికి వెళ్లి, గట్టు మీద కూర్చుని, గోతిలో ఉన్నవాళ్లకి కథలు చెబుతున్నాడు. వాళ్లు పైకి రాలేరు కనుక వింటున్నారు. మా జుట్లు మాత్రం కాస్త పెరిగాయి.